ఉతికిన బూరుగు దిండ్లు రాళ్లయ్యాయి, దారి చెప్పండి

నేరేడుమాను, హైదరాబాద్
ఫిబ్రవరి 9, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. తప్పు నాదేనని ముందే ఒప్పుకుంటున్నాను కాబట్టి తిట్లు కాస్త తగ్గించి దారి చెప్పండి.

మా అక్కయ్యకు కర్నూలులో పురుడు వచ్చింది. అమ్మ అక్కడే ఉంది. నెలాఖరుకు తల్లినీ బిడ్డనూ మా ఇంటికి తీసుకువస్తోంది. ఆలోపు ఇల్లు అద్దంలా పెట్టాలని నాకు బుద్ధి పుట్టింది. మొన్న మంచాల మీద ఉన్నవన్నీ లాగి ఉతికాను. ఆ ఊపులో మూడు బూరుగు దూది దిండ్లను కూడా వాషింగ్ మెషీన్‌లో వేసి, వేడినీటి మీట తిప్పి, టిఫినుకు వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఒక దిండు కుట్టు విడిపోయి డ్రమ్ము రంధ్రాలన్నిటికీ దూది పట్టుకుని ఉంది. మిగిలిన రెండింటిలో దూది పిడచలు కట్టింది. చేత్తో పట్టుకుంటే దిండులా లేదు, బంగాళాదుంపల సంచిలా ఉంది. రెండు రోజులుగా బాల్కనీలో ఆరవేశాను. పైగుడ్డ కరకరలాడుతోంది, లోపల మాత్రం ఇంకా చెమ్మే. ముక్కు దగ్గర పెడితే తడిసిన గోనెసంచి వాసన.

ఇంకా ఉతకవలసినవి ఉన్నాయి: పదేళ్లనాటి పత్తి పరుపు, పాత చీరలతో అమ్మ కుట్టిన బొంత, నాన్నగారి నల్ల గొంగళి. మీ జవాబు వచ్చేవరకు వాటి జోలికి వెళ్లను.

పాత నులకమంచం, రాజమహేంద్రవరం
ఫిబ్రవరి 9, ఉదయం 8:25

వెళ్లకు నాయనా, దండం పెడతాను. వాటి దగ్గరికి అసలు వెళ్లకు.

ముందు ఆ దిండ్ల సంగతి చూడు. కుట్టు విప్పకుండా ఎన్ని రోజులు ఎండబెట్టినా పైగుడ్డే ఆరుతుంది. లోపలి చెమ్మ బయటికి వచ్చే దారి లేక అక్కడే మగ్గి బూజు పడుతుంది. ఈ రోజే పొట్టివైపు కుట్టు జానెడు విప్పు. ఫ్యాను ఆపు, కిటికీలు మూయి. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకో, బూరుగు నూగు గొంతులోకి పోతే దగ్గు ఆగదు. దూది మొత్తం బయటికి తీసి పాత దుప్పటి మీద పలచగా పరిచి, పిడచలన్నీ వేళ్లతో విడదియ్యి. నూకల్లో రాళ్లు ఏరినంత ఓపికగా చెయ్యాలి. తరువాత దుప్పటితో సహా మేడ మీదికి తీసుకువెళ్లి పైన దోమతెర కప్పు. నాలుగు అంచులా ఇటుకలు పెట్టు. దోమతెర లేకుండా ఆరబెడితే నీ దూది పక్క అపార్టుమెంటు వాళ్లకు చేరుతుంది.

పది గంటలకు వేసి మూడున్నరకు తీసెయ్యి. మంచు పడేదాకా ఉంచితే మొదటికి వస్తుంది. రెండు మూడు రోజులు పడుతుంది. ఎక్కడైనా నల్ల చుక్కలు కనబడినా, ఆరిన తరువాత కూడా ముక్క వాసన వచ్చినా, ఆ దూది మాత్రం దాచకు. మంచి దూదిలో కలపకు. మనసు రాయి చేసుకుని పారెయ్యి.

రసాయనం మాస్టారు, నెల్లూరు
ఫిబ్రవరి 9, ఉదయం 10:10

నులకమంచం గారు చెప్పినదానికి కారణం కలుపుతాను. ముప్పై ఏళ్లు బడిలో చెప్పిన నోరు, ఊరుకోదు.

పేరుకు రెండూ దూదే అయినా పత్తికీ బూరుగుకూ పొంతన లేదు. పత్తిపోగు నీటిని తాగుతుంది, తడిసినప్పుడు ఇంకా గట్టిపడుతుంది. అందుకే పత్తి దుప్పటి చాకిరేవు బండ మీద ఏళ్ల తరబడి దెబ్బలు తిని కూడా నిలబడింది. బూరుగుపోగు లోపల డొల్ల, గాలితో నిండిన సన్నని గొట్టం. పైన పలచని మైనపు పూత. నీటిని తోసేస్తుంది, నీటిమీద తేలుతుంది. ప్రపంచ యుద్ధాల కాలంలో నావికుల ప్రాణరక్షక కవచాల్లో కూరింది ఈ జాతి దూదినే. దిండు మెత్తగా పొంగి ఉండేదీ ఆ గొట్టాల్లోని గాలి వల్లనే.

మన నేరేడుమాను గారు చేసిందేమిటంటే, వేడినీళ్లూ డిటర్జెంటూ పెట్టి ఆ మైనాన్ని కడిగేశారు. కాపలా పోయాక నీరు లోపలికి వెళ్లింది. మెషీన్ గిరగిరా తిప్పి గొట్టాలను నలిపింది. నలిగిన గొట్టం ఆరినా తిరిగి గుండ్రంగా లేవదు. దాని పోగు పెళుసు, విరిగి పొడి అవుతుంది. కాబట్టి ఎంత బాగా విడదీసినా మూడు దిండ్లు మూడు కావు. రెండు వస్తే అదృష్టం.

నేరేడుమాను, హైదరాబాద్
ఫిబ్రవరి 9, మధ్యాహ్నం 1:05

ఇద్దరికీ ధన్యవాదాలు. కుట్టు విప్పాను. ఇంట్లో మంచు కురిసినట్టుంది.

ఇంకొక సంగతి దాచాను. దిండ్లతో పాటు ఎర్ర చారల జంపఖానా కూడా వేశాను. తెల్ల దుప్పటి ఒకటి అందులో ఉండిపోయింది. ఇప్పుడది తెల్లది కాదు.

మేడమీది ఎండ, విశాఖపట్నం
ఫిబ్రవరి 9, సాయంత్రం 4:30

నేను ఇక్కడ ఎదురు చెప్పక తప్పదు. అందరూ ఉతకవద్దు అంటున్నారు. అయితే ఇరవై ఏళ్ల చెమట, తలనూనె, చొంగ పీల్చుకున్న దిండు మీద అలాగే ముఖం పెట్టి పడుకోవాలా? మా అబ్బాయికి ఉబ్బసం ఉంది. దుప్పట్లలో, దిండ్లలో కంటికి కనబడని ధూళి పురుగులు ఉంటాయనీ, మన ఒంటి నుంచి రాలే పొట్టే వాటి తిండి అనీ డాక్టరు చెప్పారు. అవి చావాలంటే నీరు దాదాపు 60 డిగ్రీలు ఉండాలి. చల్లనీళ్లతో ఉతికితే వాటి మలినం కొంత కొట్టుకుపోతుంది కానీ అవి చావవు. మా సముద్రపు గాలికి ఏదీ సరిగా ఆరదు కూడా. అందుకే నేను ఆరేళ్ల క్రితమే బూరుగు దిండ్లన్నీ బయట పడేశాను. ఉతకలేని వస్తువు మంచం మీద ఉండకూడదని నా నియమం.

పాత నులకమంచం, రాజమహేంద్రవరం
ఫిబ్రవరి 9, సాయంత్రం 6:15

అమ్మాయ్, నీ బాధ నిజమే. ఉబ్బసం ఉన్న పిల్లవాడున్న ఇంట్లో నేనూ అదే చేసేదాన్ని. కానీ ఇరవై ఏళ్ల నూనె దిండులోకి ఎలా వెళ్లింది? అది చెప్పు. మా అత్తగారు దూదిని ఒక గట్టి గుడ్డలో కుట్టేవారు. దాని మీద పాత ధోవతితో ఇంకొక తొడుగు, ఆపైన గలేబు. గలేబు వారానికి ఒకసారి, లోపలి తొడుగు రెండు నెలలకు ఒకసారి రేవుకు వెళ్లేవి. దూది దాకా చెమట చేరేదే కాదు. ఇప్పుడు అంగట్లో దిండు కొనడం, పైన ఒక్క పలచని గలేబు వేయడం, అదీ పండగకు పండగకు మార్చడం.

మాకు తెలిసిన ఉతుకు ఇదే: లోపలిదాన్ని ఉతకవలసిన అవసరం రాకుండా పైదాన్ని ఉతకడం.

రసాయనం మాస్టారు, నెల్లూరు
ఫిబ్రవరి 9, రాత్రి 8:50

60 డిగ్రీల మాట వచ్చింది కాబట్టి చిన్న లెక్క. నీళ్లు కాచే హీటరు లేని మెషీన్లు చాలా ఇళ్లలో ఉన్నాయి. కుళాయి నీరు 30 డిగ్రీలు అనుకోండి. సలసల కాగే నీరు ఒక పాలు, కుళాయి నీరు ఒక పాలు కలిపితే 65 దగ్గర వస్తుంది. బొచ్చె, గాలి కొంత వేడిని లాక్కుంటాయి, అయినా పని జరుగుతుంది. పత్తి గలేబులు, తెల్ల దుప్పట్లు అందులో ముంచి మూతపెట్టి అరగంట ఉంచి, తరువాత మామూలుగా ఉతకండి. ముదురు రంగులకూ, ఉన్నికీ, పట్టుకూ ఈ వైద్యం పనికిరాదు. పిల్లలు తిరిగే చోట ఆ బొచ్చె పెట్టవద్దు.

గలేబుకు పట్టిన తలనూనె జిడ్డుకు కూడా వేడినీరే మందు. జిడ్డు ఉన్నచోట ముందు కొంచెం గిన్నెల సబ్బు రుద్ది పావుగంట ఆగండి. పసుపు మరక మీద సబ్బు పడితే ఎర్రబడుతుంది, భయపడవద్దు. క్షారం తగిలితే పసుపు గుణమే అంత. ఉతికి ఎండలో వేస్తే వెలుతురే దాన్ని తినేస్తుంది. నెత్తుటి మరకకు మాత్రం వేడినీరు చూపించవద్దు. గుడ్డు ఉడికినట్టు ఉడికి పోగుకు పట్టుకుంటుంది. చల్లనీళ్లే.

కొత్తవాడ మగ్గం, వరంగల్
ఫిబ్రవరి 10, ఉదయం 6:55

జంపఖానా మాట వినబడింది, అందుకే వచ్చాను. మా ఊరి జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ గుర్తింపు వచ్చినంత మాత్రాన రంగు కారదని కాదు. కొత్త జంపఖానాను మొదటి మూడు నాలుగు సార్లు విడిగా, చల్లనీళ్లతోనే ఉతకాలి. మెషీన్‌లో వేయకండి. నీరు పీల్చుకుంటే దాని బరువు మెషీన్ మోయలేదు, నేత కూడా మెలి తిరుగుతుంది. నేల మీద పరిచి సబ్బునీళ్లు చల్లి, మెత్తని బ్రష్షుతో పడుగు వెంట రుద్ది, పైపుతో కడగండి. పిండకండి. చుట్టగా చుట్టి నిలబెడితే నీరు అదే దిగుతుంది. తరువాత నీడలో, తిరగేసి.

తెల్ల దుప్పటి ఇంకా ఆరకపోతే అదృష్టం. ఆరితే, అందులోనూ ఇస్త్రీ తగిలితే, రంగు మరింత గట్టిగా పట్టుకుంటుంది.

పెడన అచ్చు, కృష్ణా జిల్లా
ఫిబ్రవరి 10, ఉదయం 9:20

కొత్తవాడ గారికి నమస్తే. మేమూ రంగుల వాళ్లమే. పెడనలో కలంకారీ అద్దకం పని మాది. ఇక్కడ ఎవరో ఒకరు ఉప్పు సలహా ఇవ్వబోతారని నాకు తెలుసు, ముందే అడ్డు పడుతున్నాను. బకెట్‌లో గుప్పెడు ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందని ప్రతి ఇంట్లోనూ నమ్ముతారు. కొన్ని రంగులను అద్దేటప్పుడు ఉప్పు సాయం చేస్తుంది, అది నిజం. అద్దకం అయిపోయిన తరువాత పోగుకు పట్టని రంగు పట్టనిదే. అది ఉతుకుల్లో పోవలసిందే.

కలంకారీ దుప్పట్లు ఉన్నవారికి ఒక మాట. అందులో నలుపు ఎలా వస్తుందో తెలిస్తే ఎలా ఉతకాలో కూడా తెలుస్తుంది. బట్టను ముందు కరక్కాయ నీటిలో ముంచుతాం. ఇనుప ముక్కలు, బెల్లం కలిపి రోజుల తరబడి నానబెట్టిన ద్రావణంతో అచ్చు వేస్తాం. ఇనుమూ కరక్కాయ వగరూ కలిస్తే నలుపు. దాని మీద నిమ్మరసమో వెనిగరో పోస్తే ఇనుము కరిగి నలుపు వెలిసిపోతుంది. దుప్పటి మెత్తబడాలని వెనిగర్ పోసి, నల్ల గీతలు గోధుమరంగులోకి తిరిగాక మాకు ఫోను చేసినవారు ఉన్నారు. చాకలి సోడా వద్దు, బ్లీచు అసలే వద్దు. కుంకుడు రసం గానీ ఘాటు లేని ద్రవ సబ్బు గానీ వాడండి. నీడలో ఆరవేయండి.

నిర్వాహకుడు
ఫిబ్రవరి 10, ఉదయం 11:00

ఎరుపు పోవడానికి బ్లీచులో వెనిగర్ కలపమన్న ఒక సలహాను తొలగించాను. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. మూసి ఉన్న స్నానాల గదిలో ప్రాణం మీదికి వస్తుంది. పక్క తడిపిన పిల్లల బట్టలను నేరుగా బ్లీచులో వేయడం కూడా మానండి. మూత్రంలోని అమ్మోనియాతో అది మరో విషవాయువు పుట్టిస్తుంది. ముందు నీళ్లతో బాగా జాడించాకే ఏదైనా.

నేరేడుమాను, హైదరాబాద్
ఫిబ్రవరి 10, రాత్రి 9:30

తెల్ల దుప్పటికి ఇస్త్రీ చేశాను. తరువాత ఈ వేదిక తెరిచాను. వరస అది.

దూది మొదటి ఎండ చూసింది. దోమతెర సలహా ఇచ్చినవారికి పాదాభివందనం. రెండో దిండులో గుప్పెడు నల్లబడింది, తీసేశాను.

రసాయనం మాస్టారు, నెల్లూరు
ఫిబ్రవరి 10, రాత్రి 10:05

ఇస్త్రీ చేసినా ఆశ వదలకండి. ఆక్సిజన్ బ్లీచు అని పొడి దొరుకుతుంది, సోడియం పెర్‌కార్బొనేట్. వేడినీళ్లలో కలిపితేనే బాగా పనిచేస్తుంది. తెల్ల పత్తి దుప్పటిని రాత్రంతా నానబెట్టి, పొద్దున చూసి, అవసరమైతే మళ్లీ చేయండి. మామూలు క్లోరిన్ బ్లీచు కన్నా ఇది పత్తిపోగును తక్కువ నొప్పిస్తుంది. ఉన్నికి, పట్టుకు మాత్రం ఇది కూడా వద్దు.

గొర్రెలమంద, మహబూబ్‌నగర్ జిల్లా
ఫిబ్రవరి 11, ఉదయం 5:50

గొంగళి సంగతి ఎవరూ ఎత్తలేదు. మా ఇంట్లో దక్కనీ గొర్రెలు మూడు తరాలుగా ఉన్నాయి, కాబట్టి నేను చెబుతాను.

నాన్నగారి గొంగళి బిరుసుగా ఉంటే అది మురికి అనుకోకండి. నేసిన తరువాత చింతగింజల గంజి పట్టిస్తారు. ఆ గంజి వల్లనే అది కొట్టంలా నిలబడి గాలినీ వాననూ ఆపుతుంది. నానబెట్టి ఉతికితే గంజి పోయి పాత గుడ్డలా వేలాడుతుంది. మా తాత తన గొంగళిని ఉతికింది నేను చూడలేదు. దులిపేవాడు. కంప మీద ఎండకు వేసి కర్రతో కొట్టేవాడు. ఏదైనా పడితే అక్కడ మాత్రం తడిగుడ్డతో తుడిచేవాడు. అంతే. ఉన్నికి చెమట వాసన తొందరగా పట్టదు, గాలికి వేస్తే పోతుంది.

తప్పదనుకుంటే చల్లనీళ్లు, కుంకుడు రసం. రుద్దకూడదు, మెలిపెట్టి పిండకూడదు. నీళ్లలో ముంచి, అదిమి, తీసి, పాత బట్టల మధ్య చాపలా చుట్టి నీరు దించాలి. మంచం మీద పరిచి నీడలో ఆరవేయాలి. తీగ మీద వేస్తే తన బరువుకు తానే సాగుతుంది.

రసాయనం మాస్టారు, నెల్లూరు
ఫిబ్రవరి 11, ఉదయం 8:00

చాలా బాగా చెప్పారు. ఉన్నిపోగు మన వెంట్రుక లాంటిది, మాంసకృత్తితో తయారైనది. దాని ఒంటి మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. వేడి, సబ్బు క్షారం, రాపిడి మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని బట్ట కుంచించుకుపోతుంది. మళ్లీ విడదీయలేం. పత్తికి ఉన్నట్టు తడిలో బలం కూడా పెరగదు, తగ్గుతుంది. మాంసకృత్తి మరకలను తినే ఎంజైములు ఉన్న డిటర్జెంట్లు ఉన్నిని కూడా మరకే అనుకుంటాయి. క్లోరిన్ బ్లీచులో ఉన్నిదారం వేసి చూడండి, కరిగిపోతుంది. బడిలో ఈ ప్రయోగం చేసి చూపిస్తే పిల్లలు నోళ్లు తెరిచేవారు.

మీ దగ్గరున్న కంబళి ఉన్నిదో కాదో తెలియకపోతే అంచు నుంచి ఒక పోగు లాగి వెలిగించండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, నలిపితే పొడి అయ్యే బొగ్గుపూస మిగులుతుంది. పత్తి కాగితంలా కాలి మెత్తని బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూస కడుతుంది. కడవ పక్కన నిలబడి చేయండి.

డాలస్ బాటసారి
ఫిబ్రవరి 11, రాత్రి 11:40

బొంత గురించి నా ఏడుపు కూడా వినండి. నేను ఇక్కడికి వచ్చిన ఏడాది అమ్మ పాత చీరలు ఆరు పొరలు వేసి బొంత కుట్టి ఇచ్చింది. ఇక్కడి నాణేల లాండ్రీలో, నడుమ పెద్ద కాడ తిరిగే మెషీన్‌లో వేశాను. చేతికుట్టు కదా, ఆ కాడకు చుట్టుకుని నడుమ కుట్లన్నీ ఫట్‌మన్నాయి. లోపలి పొరలు ఒక మూలకు చేరాయి. అమ్మకు చెప్పలేదు. వీడియో ఫోనులో అడిగినప్పుడల్లా బాగున్న మూల చూపించేవాణ్ని.

ఇప్పుడు పద్ధతి మార్చాను. కుట్లు మళ్లీ వేసి, స్నానాల తొట్టిలో గోరువెచ్చని నీళ్లు పోసి, కొద్దిగా సబ్బు కలిపి, ఇద్దరు పిల్లలను అందులో దింపుతాను. అరగంట తొక్కుతారు. మా ఇంట్లో వాళ్లు అడిగి మరీ చేసే పని ఇదొక్కటే. అసలు కష్టం తరువాత. తడిసిన బొంతను ఒక్క మనిషి ఎత్తలేడు, ఒక మూల పట్టి లాగితే కుట్లు తెగుతాయి. నీళ్లు వదిలేసి గంటసేపు తొట్టిలోనే ఉంచండి. సగం బరువు దిగిపోతుంది. తరువాత ఇద్దరు కలిసి అడుగు నుంచి చేతులు వేసి ఎత్తండి. రెండు తీగల మీద పందిరిలా వేస్తే అడుగునుంచి కూడా గాలి తగులుతుంది.

కుంకుడు రసం నేనూ ప్రయత్నించాను. ఉన్నికి సరే. తలనూనె పట్టిన గలేబు మాత్రం కుంకుడుకు లొంగలేదు, తెల్లగుడ్డ కాస్త పసుపుబారింది కూడా. కుంకుడు భక్తులు కోప్పడవద్దు.

పాత నులకమంచం, రాజమహేంద్రవరం
ఫిబ్రవరి 12, ఉదయం 7:15

కోపమెందుకు, నిజమే చెప్పావు. రేవులో కూడా తెల్లబట్టలకు కుంకుడు ఎక్కడ వాడారు? చవుడు మట్టి కలిపి బానలో ఉడికించేవారు. కానీ ఉప్పునీటి బోరు ఉన్నచోట కుంకుడు ఒకందుకు మేలు. సబ్బుబిళ్ల ఆ నీళ్లతో కలిసి విరిగిన పాలలా తరకలు కడుతుంది. ఆ తరకే దుప్పట్లకు పట్టి అట్టలా బిగుసుకునేది. కుంకుడుకు ఆ బెడద లేదు. అలాంటి నీళ్లుంటే సబ్బుపొడి రెట్టింపు పోయడం కాదు, ఇంకొకసారి జాడించడం నేర్చుకోవాలి.

మీ అమ్మకు బొంత సంగతి చెప్పు. ఆమెకు ఎప్పుడో తెలిసే ఉంటుంది.

తెల్లకోటు అక్క, గుంటూరు
ఫిబ్రవరి 12, మధ్యాహ్నం 2:20

నేను నర్సును. పసిబిడ్డ వస్తోందని మొదటి సందేశంలో చదివి రాస్తున్నాను. నేరేడుమాను గారూ, మీ బొంత, గొంగళి ఎక్కడ దాచి ఉన్నాయి? వాటి మధ్య కలరా ఉండలు ఉన్నాయా?

నేరేడుమాను, హైదరాబాద్
ఫిబ్రవరి 12, మధ్యాహ్నం 2:45

ఇనుప పెట్టెలో. ఉన్నాయి, గుప్పెడు. అమ్మ ఏటా వేస్తుంది. బిడ్డ కింద పరచడానికి ఆ బొంతే అనుకున్నాం.

తెల్లకోటు అక్క, గుంటూరు
ఫిబ్రవరి 12, మధ్యాహ్నం 3:10

అయితే ఇది తేలికగా తీసుకోకండి. కలరా ఉండల్లోది నాఫ్తలీన్. జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్న పిల్లల్లో ఆ ఆవిరికే ఎర్ర రక్తకణాలు పగిలి, కామెర్లు తీవ్రం కావచ్చు. లోపం ఉందో లేదో పరీక్ష చేస్తే తప్ప పైకి తెలియదు. పెట్టెలోంచి తీసి నేరుగా బిడ్డకు కప్పిన దుప్పటి వల్ల ఇలా జరిగిన సందర్భాలు వైద్యులకు కొత్త కాదు. ఉండలన్నీ తీసేయండి. బొంతను ఉతికి, వాసన బొత్తిగా పోయేవరకు రోజుల తరబడి ఎండకూ గాలికీ వేయండి. కాస్త వాసన మిగిలినా బిడ్డకు వేరే పక్క వేయండి.

ఇంకొకటి. నెలల బిడ్డకు దిండు అవసరమే లేదు, బూరుగుదైనా ఆవాలదైనా. ముఖం మునిగిపోయే మెత్తని పక్క కూడా మంచిది కాదు. బొంతను నాలుగు మడతలు వేయకండి, బిగుతుగా పరవండి.

మేడమీది ఎండ, విశాఖపట్నం
ఫిబ్రవరి 12, సాయంత్రం 5:00

అక్కా, ఇది నాకు తెలియదు. ఇప్పుడే మా పెట్టె తెరిచి తీసేశాను.

ఉండలు లేకపోతే చిమ్మటలకు ఏమిటి దారి?

గొర్రెలమంద, మహబూబ్‌నగర్ జిల్లా
ఫిబ్రవరి 12, రాత్రి 7:30

చిమ్మట పిల్లపురుగు తినేది ఉన్నినీ పట్టునూ. పత్తి బొంతను అది ముట్టదు, అక్కడ మీకు ఉండల అవసరమే లేదు. ఉన్నికి కూడా, చెమటా తిండిమరకలూ ఉన్నచోటే ముందు పడుతుంది. బాగా దులిపి, ఎండకు వేసి, ఆరిన గొంగళిని గట్టిగా మూసే సంచిలో పెట్టి, రెండు నెలలకు ఒకసారి తీసి విదిలించండి. చీకటిలో కదలకుండా పడి ఉన్నదే దానికి ఇల్లు. మా ఇంట్లో ఎండు వేపాకు పెడతారు, నేనూ పెడతాను, కానీ కాపాడేది ఆ విదిలింపే అని నా అనుమానం.

పాత నులకమంచం, రాజమహేంద్రవరం
ఫిబ్రవరి 13, ఉదయం 6:40

పరుపు మిగిలిపోయింది. పత్తి పరుపును ఉతకరు బాబూ, ఏకిస్తారు. పదేళ్లంటే ఈపాటికి నడుమ గుంట పడి ఉంటుంది. మా చిన్నప్పుడు దూదేకులవారు విల్లు భుజాన వేసుకుని, నారి టంగుటంగుమనిపిస్తూ వీధిలోకి వస్తే పిల్లలమంతా వెంటపడేవాళ్లం. ఇప్పుడు మర మీద ఏకుతున్నారు. మీ ఊళ్లో పరుపుల దుకాణాల దగ్గర అడుగు. ఎదురుగా కూర్చుని చేయించుకో, లేకపోతే నీ పత్తి వెళ్లి వేరే పత్తి వస్తుంది. ఏకినప్పుడు కొంత దుమ్ముగా పోతుంది కాబట్టి రెండు కిలోలు కొత్త పత్తి కలపవలసి వస్తుంది. పైగుడ్డ మాత్రం విప్పి ఉతుక్కో. కొత్త గుడ్డ కొంటే కుట్టకముందే ఒకసారి తడిపి ఆరబెట్టు, కుంగేది ముందే కుంగుతుంది.

ఏకించే తీరిక లేకపోతే ఎండే. ఉదయం ఒకవైపు, మధ్యాహ్నం ఒకవైపు, నడుమ కర్రతో దులుపు. బిడ్డ పక్క తడిపితే పొడిగుడ్డ అదిమి తడి లాగి, వంటసోడా చల్లి, ఆరాక దులిపి, ఎండకు వెయ్యి. నీళ్లు పోసి కడగకు.

నేరేడుమాను, హైదరాబాద్
ఫిబ్రవరి 16, రాత్రి 8:15

నివేదిక సమర్పిస్తున్నాను.

మూడు దిండ్ల దూది ఎండి, విడదీసి, ఏరి తిరిగి కూరితే ఒకటిన్నర దిండు వచ్చింది. మాస్టారి లెక్క కన్నా అర తక్కువ. లోపల గట్టిగుడ్డ, దాని మీద తొడుగు, పైన గలేబు వేశాను. తెల్ల దుప్పటి రెండు రాత్రులు నానాక లేత గులాబీరంగు దగ్గర ఆగింది. కొత్త రంగనుకుని అలాగే వాడుకుంటాం. గొంగళిని దులిపాను. అందులోంచి నాన్నగారి బస్సు టికెట్టు ఒకటి రాలింది. పరుపు రేపు ఏకడానికి వెళ్తోంది, నేనూ దాని పక్కనే కూర్చుంటాను. బొంత నాలుగు రోజులుగా ఎండలోనే ఉంది, ఉండల వాసన ఇంకా లీలగా వస్తోంది. అందుకని బిడ్డకు పాత పంచెలు మరిగించి వేరే పక్క కుట్టిస్తున్నాను.

అమ్మ నిన్న ఫోనులో దిండ్ల గురించి అడిగింది. ఒకటిన్నర అని చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెషీన్ బాగానే ఉందా అని అడిగింది.

బూరుగు దూది కొనాలి. అంగట్లో బూరుగు అని చెప్పి పాలిస్టర్ కలిపి ఇస్తున్నారట. అసలుది ఎక్కడ దొరుకుతుంది?

గొర్రెలమంద, మహబూబ్‌నగర్ జిల్లా
ఫిబ్రవరి 16, రాత్రి 9:05

మా చెలక గట్టున బూరుగు చెట్టు ఉంది. ఇప్పుడు ఎర్రగా పూసి ఉంది, ఆకు ఒక్కటి లేదు. కాయలు ఏప్రిల్ చివర పగులుతాయి, పగలకముందే కోయాలి. దిండుకు కిలో పైన పడుతుంది. గింజలు మీరే తీసుకోవాలి. లేకపోతే దిండుకు ఎలుకలు పడతాయి. సంచులు తెచ్చుకోండి, దోమతెర కూడా.